పిన్నికి చూపించే ఖాతా

మా అక్క కూతురికి ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఖాతాలున్నాయి. మొదటిదాంట్లో ఆరే ఆరు ఫొటోలు. సంక్రాంతి ముగ్గు, రథయాత్ర, వాళ్ల నాయనమ్మ పక్కన నిలబడినది ఒకటి, బడిలో బహుమతి తీసుకుంటున్నది ఒకటి, ఇంకో రెండు. చుట్టాలమంతా పోటీపడి వాటికి లైకులు కొట్టాం. రెండో ఖాతా సంగతి నాకు పొరపాటున తెలిసింది. ఏదో చూపిస్తానని ఫోన్ నా చేతికిచ్చింది. అంతలో పైన ఒక నోటిఫికేషన్ వచ్చింది, అందులో ఉన్నది నేను ఎప్పుడూ వినని పేరు. ఎవరే అని అడిగితే నవ్వేసింది.

"అది నాదే పిన్నీ. మావాళ్లకి."

"మరి నేను?"

"నువ్వు ఇంట్లో మనిషివి కదా!"

ఇంట్లో మనిషిని గనకే లోపలికి రానివ్వలేదన్నమాట. ముందు కొంచెం చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, ఈ పిల్లలు ఒక యాప్‌ని పట్టుకుని మరోదాన్ని ఎందుకు వదిలేస్తారన్న చిక్కుముడికి కొస ఆ మాటలోనే దొరికింది.

నేను ఉండేది పర్లాకిమిడిలో. ఒడిశాలోని గజపతి జిల్లాకి ముఖ్య పట్టణం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలు, సైన్సు ట్యూషన్ చెబుతాను. వాళ్లని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి నన్ను తరచూ అడుగుతుంటారు. "అన్నిట్లోనూ ఫొటోలు పెట్టుకోవడం, కబుర్లు చెప్పుకోవడమే కదండీ. మరి ఫేస్‌బుక్ అంటే మొహం తిప్పేసుకుంటారేం? ఆ దెయ్యం బొమ్మ యాప్‌లో అంత ఏముందని?" దెయ్యం బొమ్మ అంటే స్నాప్‌చాట్ గుర్తు. వయసు మోజు అని సరిపెట్టుకోవచ్చుగానీ, మోజైతే ఊరికొక రకంగా ఎందుకుంటుంది, ఆడపిల్లకొకటి మగపిల్లాడికొకటి ఎందుకవుతుంది?

నాకు అర్థమైనంతవరకు, పిల్లలు ముందు చూసేది అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది. మిగతా హంగులన్నీ తర్వాతే. మా సరిహద్దు ఊళ్లలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. అక్కడ ఏ భాషలో, ఏ అక్షరాల్లో మాట్లాడాలన్నది.

పెద్దవాళ్లు వచ్చి కూర్చున్న అరుగు

అమెరికాలో ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే సంస్థ 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని ఏ యాప్‌లు వాడుతున్నారని ఏళ్ల తరబడి అడుగుతోంది. 2014-15లో ఫేస్‌బుక్ వాడుతున్నామని చెప్పినవాళ్లు 71 శాతం. 2024కి వచ్చేసరికి 32. అదే ఏడు యూట్యూబ్ 90 శాతం, టిక్‌టాక్ 63, ఇన్‌స్టాగ్రామ్ 61, స్నాప్‌చాట్ 55. ఆ అంకెలు మనకి అలాగే అతకవు, టిక్‌టాక్ మన దేశంలో లేనే లేదు. కానీ నా ట్యూషన్ పిల్లల్ని చూసినా గాలి అటే వీస్తోందని తెలుస్తుంది. ఫేస్‌బుక్ పేరెత్తితే వాళ్లు అనేది ఒకటే మాట: "అది నాన్నగారిది."

ఫేస్‌బుక్ పుట్టింది 2004లో, కాలేజీ విద్యార్థుల కోసం. పదేళ్లు తిరిగేసరికి ఆ విద్యార్థుల అమ్మలూ మేనమామలూ ట్యూషన్ మాస్టార్లూ అందరూ చేరిపోయారు. స్నేహితుడు పెట్టిన వెక్కిరింత ఫొటో కింద పెదనాన్న వచ్చి "బాగా చదువుకో బాబూ" అని రాస్తే ఆ అరుగు మీద ఇంకెవరు కూర్చుంటారు? డానా బోయిడ్, ఆలిస్ మార్విక్ అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద రాశారు. మామూలు జీవితంలో వేర్వేరు చోట్ల ఉండే మనుషులు, అంటే ఇంటివాళ్లు, బడివాళ్లు, స్నేహితులు, ఆన్‌లైన్‌లో ఒకే గదిలో కుప్పపడిపోతారని, అప్పుడు ఎవరిని చూసి ఏం మాట్లాడాలో తెలియక మనిషి ఇరుకున పడతాడని వాళ్లు చెప్పింది. తాతయ్య దగ్గర ఒకలా, తోటివాడి దగ్గర ఒకలా మాట్లాడటాన్ని మనం ఎప్పుడూ దొంగబుద్ధి అనుకోలేదు. దాన్నే మర్యాద అన్నాం.

ఒడిశాలోనే ఉన్న బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరుగుతుంది. అక్కడ నేతపని చేసుకునే తెలుగువాళ్లు, దేరా కులస్థులు, బుఢీ ఠాకురాణిని పుట్టింటికి తెచ్చుకునే పండుగ అది. మొక్కు ఉన్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. పులి వేషం కట్టిన కుర్రాడు యాత్ర అయ్యాక దుకాణంలో కూర్చుని చీర మడత పెడుతుంటే "మొన్న పులివి కదరా, ఇప్పుడిలా అయ్యావేం" అని ఎవరూ నిలదీయరు. వేషానికో చోటు ఉంది, కొట్టుకో చోటు ఉంది. ఫేస్‌బుక్‌లో ఆ రెండు చోట్లూ కలిసిపోయాయి, పిల్లలు లేచి వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లిన ఇన్‌స్టాగ్రామ్ కూడా అదే కంపెనీది. 2012లోనే ఫేస్‌బుక్ దాన్ని వంద కోట్ల డాలర్లకి కొనేసింది. అక్కడ ఒక్క ఫోన్‌లో రెండు మూడు ఖాతాలు పెట్టుకుని ఇటూ అటూ మారవచ్చు. 2018 నుంచి "దగ్గరి స్నేహితులు" అని ఒక జాబితా చేసుకుని వాళ్లకే స్టోరీ చూపించవచ్చు. అసలు పేరు పెట్టాలన్న పట్టు కూడా లేదు. వేషం మార్చుకోవడానికి తెరచాటు దొరికింది.

వాట్సాప్ సంగతి వేరు. అది ఫోన్ నంబరుకి కట్టేసి ఉంటుంది. నంబరు అమ్మమ్మ దగ్గర ఉంటుంది, హెడ్మాస్టారి దగ్గర ఉంటుంది. అందుకే పిల్లలకి అది రేషన్ కార్డులాంటిది. ఉండాలి గనక ఉంటుంది, అక్కడ ఎవరూ మనసు విప్పరు. హోంవర్కు, ఫంక్షన్ ఫొటోలు, "పాలు తెచ్చావా" అంతవరకే.

ఫోన్ ఎవరిది

పట్నాల్లో కూర్చుని రాసేవాళ్లు తరచూ మరిచిపోయే విషయం ఇది. పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు.

గ్రామీణ భారతంలో పిల్లల చదువుల మీద 2024లో జరిపిన అసర్ సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో సుమారు 90 శాతం ఇళ్లకి స్మార్ట్‌ఫోన్ చేరింది. ఆ వయసు పిల్లల్లో 82 శాతం మందికి దాన్ని వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకి సంబంధించిన పనికి వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్లు 76 శాతం. కానీ వాడటం వచ్చిన పిల్లల్లో ఫోన్ తమదే అన్నవాళ్లు 14 ఏళ్లవాళ్లలో 27 శాతం, 16 ఏళ్లవాళ్లలో దాదాపు 38 శాతం. అందులోనూ మగపిల్లలదే పైచేయి. మగపిల్లల్లో 36 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే ఆడపిల్లల్లో 27 శాతం లోపే.

అంటే ఎక్కువమంది అమ్మ ఫోనో అన్న ఫోనో తీసుకుని వాడుకుంటున్నారు. అమ్మ వంటింట్లో ఉన్న అరగంట, నాన్న స్నానానికి వెళ్లిన పది నిమిషాలు. ఆ తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చెయ్యాలి, ఆనవాలు మిగలకూడదు. ఇలా చూస్తే స్నాప్‌చాట్ అర్థమవుతుంది. చూసిన ఫొటో మాయమైపోతుంది, చదివిన మాట చెరిగిపోతుంది. అమ్మ తెరిచి చూసినా కనిపించేది కెమెరా. 2011లో అమెరికా కాలేజీ కుర్రాళ్లు సరదాకి చేసిన ఏర్పాటు మా ఊళ్లో ఉమ్మడి ఫోన్ వాడే ఆడపిల్లకి అచ్చంగా సరిపోయింది.

ఇంకో చిన్న కారణం కూడా ఉంది. మొదట్లో స్నాప్‌చాట్ చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో సరిగ్గా నడిచేది కాదు. 2019లో ఆ కంపెనీ ఆండ్రాయిడ్ యాప్‌ని కొత్తగా కట్టింది. ఆ తర్వాతే మన దేశంలో అది ఊపందుకుంది. 2023లో భారత్‌లో నెలకి 20 కోట్ల మందికి పైగా తమ యాప్ వాడుతున్నారని కంపెనీ ప్రకటించింది. ఒక యాప్ పిల్లల మనసుకి పట్టిందా లేదా అన్నది చూసేముందు, అది ఎనిమిది వేల రూపాయల ఫోన్‌లో తెరుచుకుంటోందా అని చూడాలి. రాయగడ, గుణుపురం వైపు కొండల్లో సిగ్నల్ ఒక గీత దగ్గరే ఆగిపోతుంది. అక్కడ వీడియో గిరగిరా తిరుగుతుంటే పిల్లలు ఏ యాప్‌నీ పొగడరు.

నోట్లో తెలుగు, బడిలో ఒడియా

ఇప్పుడు మా ఊరి అసలు సంగతికి వస్తాను.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం పైగా తెలుగు ఇళ్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కార్టూన్లలో హిందీ, పరీక్షల్లో కొంత ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతారు, సిక్కోలు యాసలో. కానీ తెలుగు అక్షరం చదవగలిగేవాళ్లు ఒకరో ఇద్దరో. నాకు మా నాన్న పెద్దబాలశిక్ష పెట్టి నేర్పించారు గనక వచ్చింది. మా అక్క కూతురికి ఎవరూ నేర్పలేదు. తప్పు నాది కూడా, లెక్కలు చెప్పాను గానీ అక్షరాలు చెప్పలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. అంతకుముందు దశాబ్దాలపాటు గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే రాజావారి బడిలో పాఠం చెప్పారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అప్పుడు రాత ఉండేది, అందులోకి వాడుక మాటని రానిచ్చేవారు కాదు. ఆయన నడిచిన వీధుల్లో ఇవాళ వాడుక మాట నిక్షేపంగా ఉంది, రాతే లేదు.

ఇలాంటి పిల్లకి ఏ యాప్ నచ్చుతుంది? చదవక్కర్లేనిది, రాయక్కర్లేనిది. ఫేస్‌బుక్‌లో పెద్దవాళ్లు పెట్టే పొడుగాటి తెలుగు పోస్టులు వాళ్లకి గోడ మీద నల్ల గీతలు. శ్రీకాకుళం నుంచి మేనత్త వాట్సాప్‌లో పంపే సుప్రభాతం బొమ్మల మీద ఏం రాసి ఉందో వాళ్లకి తెలియదు, దండం బొమ్మ ఒకటి తిరిగి పంపుతారు. రీల్స్‌లో అయితే మనిషి నోరు విప్పి మాట్లాడతాడు. స్నాప్‌చాట్‌లో మొహమే ఉత్తరం. యూట్యూబ్‌లో వెతకాలన్నా మైకు నొక్కి నోటితో అడిగితే చాలు. తప్పదన్నప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. ఆ రాతలో 'పాలు' ఏదో 'పళ్లు' ఏదో ముందూ వెనకా చూసి పోల్చుకోవాల్సిందే, వాళ్లకి మాత్రం చిటికెలో తెలిసిపోతుంది.

ఇక వాయిస్ మెసేజ్. వాట్సాప్ 2013లో దీన్ని పెట్టింది. 2022 నాటికి రోజుకి సగటున 700 కోట్ల వాయిస్ మెసేజ్‌లు వెళ్తున్నాయని చెప్పింది. ఇందులో సరిహద్దుల వాటా ఎంతో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ మా వీధిలోనే రోజుకి వందలు ఉంటాయనుకుంటాను. మా అక్క అత్తగారికి ఒడియా రాదు, తెలుగు అక్షరం కూడా కూడబలుక్కుని చదువుతుంది. మనవరాలికి తెలుగు చదవడం రాదు. ఒకరి పేరు ఒకరు ఫోన్‌లో గుర్తుపట్టేది ఫొటో చూసే. వాళ్లిద్దరి మధ్య ఉత్తరమంటే ఆ మైకు గుర్తే.

బొమ్మలూ వీడియోలూ ఉన్న యాప్‌ల వైపు పిల్లలు మళ్లడం ప్రపంచమంతటా ఉన్నదే. దానికి చాలామంది చెప్పే కారణం, ఓపిక తగ్గిపోయింది, చదవడానికి బద్ధకం అని. మా దగ్గర ఆ మాట చెల్లదు. ఒడియాలో ఈ పిల్లలు పేజీలకి పేజీలు చదువుతారు. తమ ఇంటి భాషలో చదవడానికి ఎవరూ దారి వెయ్యలేదు, వినడానికీ మాట్లాడటానికీ ఈ యాప్‌లు వేశాయి.

ఇంకో ముచ్చట. మా యాస సినిమాల్లో ఎప్పుడూ పనివాడి పాత్రకో జోకుకో వచ్చేది. రీల్స్‌లో శ్రీకాకుళం, పలాస, మెళియాపుట్టి కుర్రాళ్లు "ఏటి సేస్తన్నావు" అంటూ నేరుగా మాట్లాడతారు. నా ట్యూషన్ పిల్లలు వాటిని పాఠం కన్నా శ్రద్ధగా అప్పజెబుతారు. నేనూ ఒకటి రెండు నేర్చుకున్నాను, ఎవరితోనూ అనకండి.

టిక్‌టాక్ పోయిన వారం

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లని నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. ఒక్క రాత్రిలో కోట్లమంది పిల్లల అడ్డా మూతపడింది. వాళ్లు ఎటు వెళ్తారన్నది చూడటానికి అంత మంచి అవకాశం ఏ శాస్త్రవేత్తకీ దొరకదు.

జులై మొదట్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చింది, ఇంకా చాలా దేశాలకి రాకముందే. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ని మొదట ఇక్కడే మొదలుపెట్టారు. ఈ లోపు దేశీ కంపెనీలు ఊరుకోలేదు. షేర్‌చాట్ వాళ్లు మోజ్ తెచ్చారు, డైలీహంట్ వాళ్లు జోష్ తెచ్చారు. షేర్‌చాట్ 2015లో ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ముగ్గురు పెట్టినది. కావాలనే ఇంగ్లీషు లేకుండా, తెలుగు, ఒడియా లాంటి భాషలతోనే కట్టారు. పుస్తకంలో లెక్క ప్రకారం మా ఊరి పిల్లలు దానిలోకే వెళ్లాలి. కొందరు వెళ్లారు కూడా. ఏడాది తిరిగేసరికి నా కళ్లముందే అందరూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు.

దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి నాకు. మొదటిది అందరికీ తెలిసిందే: స్నేహితులు ఎక్కడుంటే అక్కడికి. సంతలో జనం ఉన్న కొట్టు దగ్గరికే ఇంకా జనం వెళ్తారు. ఒక యాప్ మంచిదా చెడ్డదా అన్నదానికన్నా తరగతిలో ఎనిమిది మంది అందులో ఉన్నారా లేదా అన్నదే బలమైన సంగతి. ఒంటరిగా గొప్ప యాప్‌లో ఉండి ఏం చేస్తాం.

రెండోది పరువు. ఇది పిల్లలు నోరు విప్పి చెప్పరు, మొహం చెబుతుంది. తమ భాషలో ఉన్న యాప్ అంటే "ఊరోళ్లది". ఇంగ్లీషు మొహంతో ఉన్నదంటే ఒక మెట్టు పైన. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కూడా కాదు. అమెరికాలో మైస్పేస్ అనే పాత సైటు నుంచి ఫేస్‌బుక్‌కి పిల్లలు మారుతున్నప్పుడు ఆ మార్పు వర్గాల వారీగా, హోదాల వారీగా జరుగుతోందని డానా బోయిడ్ 2007లోనే రాసింది. కాలేజీ చదువుల ఇళ్లవాళ్లు ముందు వెళ్లారు, వెనక మిగిలినదానికి చిన్నచూపు అంటుకుంది. తెలుగువాళ్లం కాన్వెంటు బడుల విషయంలో చేసిందే పిల్లలు యాప్‌ల విషయంలో చేశారు. వాళ్లని తిట్టడానికి మనకి నోరెక్కడిది?

మూడో కారణం సరిహద్దువాళ్లకే తెలుస్తుంది. షేర్‌చాట్ తెరవగానే మీ భాష ఏది అని అడుగుతుంది. తెలుగా, ఒడియానా? పర్లాకిమిడి పిల్లకి అది అమ్మ కావాలా నాన్న కావాలా అన్న ప్రశ్న. తెలుగు నొక్కితే వచ్చేవాటి మీద రాసి ఉన్నది చదవలేదు, బడి స్నేహితులు కనపడరు. ఒడియా నొక్కితే ఇంటి మాట వినపడదు. జనాభా లెక్కల వాళ్లు వచ్చినప్పుడు మాతృభాష గడి దగ్గర మా ఇంట్లో జరిగే వాదన గుర్తొచ్చింది నాకు. ఇన్‌స్టాగ్రామ్ గుమ్మంలో నిలబెట్టి ఆ ప్రశ్న వెయ్యదు. ఒక ఒడియా పెళ్లి పాట, వెంటనే సిక్కోలు కామెడీ, తర్వాత హిందీ వంట. మా ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఫీడ్ అలా ఉంటుంది.

అది మనల్ని ప్రేమించి అలా ఇవ్వడం లేదనుకోండి. పాత ఫేస్‌బుక్ పద్ధతిలో నీ స్నేహితులు ఏం పెడితే అవే నీకు కనిపించేవి. టిక్‌టాక్ తెచ్చిన పద్ధతిలో నువ్వెవరో, నీ స్నేహితులెవరో తెలియక్కర్లేదు. ఏ వీడియో మీద ఎన్ని సెకన్లు ఆగావు, దేన్ని రెండోసారి చూశావు, దేన్ని తోసేశావు అన్నది చూసి తర్వాతది వడ్డిస్తుంది. వేలు ఆగిన చోటల్లా ఒక ఓటు. స్నేహితులు నలుగురే ఉన్న చిన్న ఊరి పిల్లకి కూడా మొదటి రోజే నిండు విస్తరి దొరుకుతుంది. విస్తరి ముందు నుంచి లేవడం ఎలాగన్నది వేరే కష్టం. ఈ వయసులో తోటివాళ్ల మెప్పు కోసం తహతహ ఎక్కువ, మనసుకి కళ్లెం వేసే మెదడు భాగం ఇరవై దాటాకగానీ పూర్తిగా ఎదగదు. ఆ రెంటి మధ్య సందులోనే ఈ యాప్‌లన్నీ కొట్లు పెట్టుకున్నాయి.

ఆడపిల్లలు ఎటు, మగపిల్లలు ఎటు

స్నాప్‌చాట్‌లో స్ట్రీక్ అని ఒకటుంది. ఇద్దరు వరసగా రోజూ ఒకరికొకరు ఫొటో పంపుకుంటే పేరు పక్కన నిప్పు గుర్తు, ఎన్ని రోజులైందో అంకె. ఒక్క రోజు తప్పితే సున్నా. మా ట్యూషన్‌లో ఒకమ్మాయి నెల రోజులు అమ్మమ్మగారి ఊరు వెళ్తూ, తన పాస్‌వర్డ్ స్నేహితురాలికి ఇచ్చి వెళ్లింది, స్ట్రీకులు చల్లారకుండా చూడమని. దీపం కొండెక్కకుండా కాపలా పెట్టినట్టు. స్నేహం ఉందా లేదా అన్న టెన్షన్‌ని ఒక అంకెగా మార్చి చూపించడం ఆ యాప్ చేసిన గడుసు పని. అంకె ఉన్న చోటు నుంచి పిల్లలు కదలలేరు.

ఆడపిల్లలకి ఇంకో లెక్క ఉంది. ఫొటో ఎవరి చేతిలో పడుతుందోనన్న భయం. ఫేస్‌బుక్ 2020లో మన దేశంలో ప్రొఫైల్‌కి తాళం వేసుకునే ఏర్పాటు తెచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్లని దృష్టిలో పెట్టుకుని. అప్పటికే పిల్లలు అక్కడ లేరు. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలి మనిషికి కబురు వెళ్తుంది, అందుకే అది క్షేమం అనుకుంటారు. నేను ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెబుతాను, పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫొటో తీస్తే ఏ కబురూ రాదని. "మాయమైపోతాయి" అన్న మాట విషయంలో స్నాప్‌చాట్ జనాన్ని తప్పుదారి పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు పెట్టింది, కంపెనీ రాజీకి వచ్చింది. అలాంటి ఫొటోతో ఎవరైనా బెదిరిస్తే ఇంట్లో దెబ్బలకి భయపడి పిల్లలు నోరు మూసుకుంటారు. మా వీధిలో ఒక సంసారంలో అదే జరిగింది, మూడు నెలలు ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. 1930కి ఫోన్ చేస్తే సైబర్ నేరాలవాళ్లు, 1098కి చేస్తే పిల్లల సాయంవాళ్లు పలుకుతారని తర్వాత అందరం నేర్చుకున్నాం.

ఇన్‌స్టాగ్రామ్‌కి వేరే చీకటి ఉంది. 2021లో ఫ్రాన్సిస్ హౌగెన్ అనే మాజీ ఉద్యోగి ఆ కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టింది. తమ ఒంటి గురించి బాధపడుతున్న టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధని ఇంకా పెంచిందని చెప్పినట్టు వాటిలో ఉంది. అయినా వదలరు. పెళ్లిలో ఒళ్లు చూసి మాటలనే పెద్దమ్మలున్నా మనం పెళ్లిళ్లకి వెళ్లడం మానలేదు కదా, అందరూ అక్కడే ఉంటారు మరి.

మగపిల్లల సంగతి అడిగితే సగం మందికి సోషల్ మీడియా అంటే ఫోన్‌లో ఆడే ఆటే. ఫ్రీఫైర్ అనే కాల్పుల ఆటని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, ఫ్రీఫైర్ మ్యాక్స్ మిగిలింది. నలుగురు జట్టుకట్టి, మైకులు ఆన్ చేసి, కాల్పుల మధ్య ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటారు. రెండు ఇళ్ల అవతల కూర్చున్నవాడు, రాయగడ నుంచి ఒకడు, ఎక్కడో బిహార్ నుంచి ఇంకొకడు. తెలుగు, ఒడియా, హిందీ, తిట్లు నాలుగో భాష. బయటికి వెళ్లి ఆడుకోండ్రా అని మనం అంటాం, వాళ్ల లెక్కలో వాళ్లు బయటే ఉన్నారు. టెలిగ్రామ్ మాత్రం ఇద్దరికీ ఉంటుంది. నోట్సు పీడీఎఫ్‌లకి అంటారు, నేను అంతకుమించి అడగను.

ఎక్స్ (పాత ట్విట్టర్) గురించి ఏమీ రాయలేదేమంటారేమో. నా పిల్లల్లో ఒక్కరికీ లేదు. అక్షరాలు, వాదనలు, పెద్దమనుషులు, ఈ మూడింటి నుంచే కదా వాళ్లు పారిపోతున్నది.

తాళం ఎవరి చేతిలో

ఈ యాప్‌ల్లో చాలావాటికి 13 ఏళ్ల నిబంధన ఉంది. పుట్టిన సంవత్సరం అడిగితే పిల్లలు వేలితో గిర్రున తిప్పి 1990 దగ్గర ఆపేస్తారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టిక్‌టాక్, యూట్యూబ్ వంటివాటిలో ఖాతా ఉండకూడదని చట్టం అమలుచేసింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టింది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని సరిచూసుకోవాలంది, వాళ్లని కనిపెట్టి ప్రకటనలు చూపించకూడదంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, పూర్తిగా అమలుకి ఇంకా గడువు ఉంది.

అమలైనప్పుడు మా ఊళ్లో ఎలా ఉంటుందో ఊహించగలను. ఫోన్ అమ్మది. సిమ్ నాన్న పేరు మీద. ఓటీపీ వచ్చేది అమ్మ ఫోన్‌కే, అది అప్పటికే పిల్ల చేతిలో ఉంటుంది. ఆ అనుమతి ఫారం ఏ భాషలో వస్తుందో కూడా చూడాలి, ఒడియాలో వస్తే అమ్మకి చదివిపెట్టేది మళ్లీ ఆ పిల్లే. చట్టం వద్దని నేను అనను. ప్రకటనల కంపెనీల చేతులు కట్టేసే భాగం నిజంగా పనికొస్తుందనే నా నమ్మకం. పిల్లల్ని గుమ్మం దగ్గర ఆపే భాగం మీద మాత్రం నాకు ఆశ తక్కువ. ఒక అరుగు మూసేస్తే ఇంకో అరుగు వెతుక్కుంటారు, ఈసారి మనకి పేరు కూడా తెలియనిది.

ఇదంతా రాస్తున్నానని మా అక్క కూతురికి చెప్పాను, దాని రెండో ఖాతా సంగతి రాయొచ్చా అని అడగాలి కదా. పేరు పెట్టకపోతే సరే అంది. తర్వాత కుతూహలంగా అడిగింది.

"ఏ భాషలో రాస్తున్నావు?"

"తెలుగులో."

కాసేపు ఆలోచించింది.

"అయితే అయ్యాక చదివి వాయిస్ పెట్టు పిన్నీ. వింటాను."

"ఏ ఖాతాకి పెట్టమంటావే?"

"వాట్సాప్‌లో పెట్టు," అంది, ఫోన్ లోంచి తలెత్తకుండానే.